ఫ్రేములో ఎవరి పాదాలు?

పాత కుంగ్‌ఫూ, కరాటే సినిమాల మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ఒకటే విషయం చుట్టూ తిరిగారు: ఆ సినిమాల్లో ఆడవాళ్లకు, నల్లజాతి వాళ్లకు, దివ్యాంగులకు, పరాయి దేశస్థులకు దక్కిన చోటెంత? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: కుంగ్‌ఫూ సినిమా అంటే మా ఇంట్లో అన్నలు చూసేది, నేను పక్కన కూర్చునేది. ఆడపిల్ల కొట్టే పాత సినిమా ఒక్కటన్నా ఉందా? ఉంటే ఏది ముందు చూడాలి?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఒక్కటేమిటమ్మా, హాంకాంగ్ కత్తియుద్ధాల సినిమాకు కొత్త ఊపు వచ్చిందే ఒక ఆడపిల్లతో. 1966లో షా బ్రదర్స్ కంపెనీకి కింగ్ హు తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మి’తో మొదలుపెట్టండి. అందులో ప్రధాన పాత్ర చెంగ్ పెయ్-పెయ్‌ది. అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్లు, నేర్చుకుని వచ్చింది నాట్యం. కథలో ఒక అధికారి కొడుకును దొంగలు ఎత్తుకుపోతారు. విడిపించడానికి వచ్చేది అతని తోడబుట్టిన ఆమే.

సత్రం సీను దగ్గర కాస్త ఆగి చూడండి. మగవేషంలో, వెడల్పు టోపీతో వచ్చి ఒక బల్ల దగ్గర కూర్చుంటుంది. చుట్టూ దొంగలే. ఒకడు మాటతో గిల్లుతాడు, ఇంకొకడు మీదమీదకొస్తాడు. ఆమె కదలదు, కెమెరా కూడా తొందరపడదు. అంతసేపు కదలని మనిషి ఒక్క ఉదుటున లేస్తే ఆ దెబ్బ బరువేమిటో మనకు తెలిసిపోతుంది. ఈ ఆగడం, లేవడం అనే లయ పెకింగ్ ఒపేరా అనే చైనా సంప్రదాయ నాటకం నుంచి వచ్చింది. పోరాటాలు కూర్చిన హాన్ యింగ్-జే ఆ రంగస్థలం మనిషి. ఒపేరాలో యుద్ధం చేసే స్త్రీ పాత్రకు ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది, దాన్ని ‘వూదాన్’ అంటారు. కాబట్టి కత్తి పట్టిన ఆడది చైనా ప్రేక్షకులకు వింత కాదు. మగబట్టలు కట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు మగవాడనే అనుకోవాలి అన్నది కూడా ఆ రంగస్థలం ఒప్పందమే. రుద్రమదేవి రుద్రదేవ మహారాజుగా రాజ్యమేలిన ఊరి వాళ్లకు, చిందు ఎల్లమ్మ మగవేషాలు కట్టిన నేలకు ఈ ఒప్పందాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ సినిమాలో లోపం కూడా ఉంది, చెప్పకుండా దాటేయలేం. సగం కథ అయ్యాక ఆమెకు విషపు బాణం తగులుతుంది. తాగుబోతు బిచ్చగాడి వేషంలో ఉన్న గురువొకాయన కాపాడతాడు. చివరి ద్వంద్వయుద్ధం ఆయనదే. రెండేళ్లకు, 1968లో, అదే పాత్రతో చాంగ్ చెహ్ తీసిన ‘గోల్డెన్ స్వాలో’లో జారుడు ఇంకా స్పష్టం. పేరు ఆమెది, సినిమా మాత్రం జిమ్మీ వాంగ్ యూది. చాంగ్ చెహ్ మగటిమినే తన సినిమాలకు జెండా చేసుకున్నాడు. ఆ సినిమాలు బాగా ఆడాయి. డెబ్బైల్లో ఆడవాళ్లు పక్కకు జరగడానికి అదొక పెద్ద కారణం.

పూర్తిగా పోయారా అంటే, లేదు. తర్వాత వరసగా ఇవి చూడండి. కింగ్ హు ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ (1971), దాదాపు మూడు గంటలు, వెదురువనంలో షూ ఫెంగ్ పోరాటం కోసమైనా ఓపిక పట్టండి. 1975లో కాన్ ఉత్సవంలో దీనికి సాంకేతిక పురస్కారం వచ్చింది. ఏంజెలా మావో ‘హాప్‌కిడో’ (1972). ఆమె చిన్నప్పటి నుంచి ఒపేరా శిక్షణ పొందింది కాబట్టి తన్నులన్నీ తనవే అని ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ తర్వాత లావ్ కార్-లియుంగ్ తీసిన ‘మై యంగ్ ఆంటీ’ (1981). వయసులో చిన్న, వరసలో పెద్ద అయిన ఒకావిడ కథ. మన పెళ్లిళ్లలో పదిహేనేళ్ల చిన్నమ్మకు పాతికేళ్లవాడు దండం పెట్టే తమాషా లేదూ, అదే అక్కడ నడుస్తుంది. కారా హుయి దీనికే 1982లో మొదటి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి అయింది.

చివరగా 1985 నాటి ‘యెస్, మేడమ్’. మలేసియాలో పుట్టిన మిషెల్ యో (అప్పట్లో తెరమీద పేరు మిషెల్ ఖాన్), అమెరికన్ సింథియా రాత్‌రాక్, ఇద్దరూ పోలీసులే. క్లైమాక్స్‌లో మిషెల్ మేడమీది కమ్మీ మీద కాళ్లు మెలివేసి, వెనక్కి వాలి, అద్దం పగలగొట్టుకుంటూ తల కిందికి దిగి ఇద్దరిని లాగి పడేస్తుంది. ఆ మనిషే 2023లో ఉత్తమ నటి ఆస్కార్ తీసుకుంది. ఆ అవార్డు అందుకున్న మొదటి ఆసియా మహిళ ఆమే.

ప్రశ్న: మా తాలీం గోడ మీద బ్రూస్ లీ పక్కన ‘ఎంటర్ ది డ్రాగన్’లోని నల్లాయన బొమ్మ కూడా ఉంటుంది. ఆయన్ని మధ్యలోనే ఎందుకు చంపేశారు? అమెరికాలో నల్లజాతి వాళ్లు ఈ సినిమాలను అంతగా ఎందుకు సొంతం చేసుకున్నారు?
– కాజీపేట

జవాబు: ఆయన జిమ్ కెల్లీ. 1971లో లాంగ్ బీచ్ కరాటే పోటీల్లో మిడిల్ వెయిట్ గెలిచిన అసలు సిసలు ఆటగాడు. 1973 నాటి ఆ సినిమాలో విలన్ ద్వీపంలో జరిగే పోటీలకు వెళ్లే ముగ్గురిలో ఒకడు. మిగిలిన ఇద్దరు బ్రూస్ లీ, జాన్ శాక్సన్. హాలీవుడ్ డబ్బుతో తీసిన సినిమాలో ముగ్గురు స్నేహితులుంటే ఎవరి ప్రాణం ముందు పోతుందో ప్రేక్షకులకు అప్పటికే అలవాటైన లెక్క. ఈ సినిమా కూడా ఆ లెక్క తప్పలేదు. అయితే పోయేలోపు ఆయనకిచ్చినది తక్కువేం కాదు. లాస్ ఏంజెలిస్ వీధిలో ఇద్దరు తెల్ల పోలీసులు ఏ కారణం లేకుండా ఆపితే, వాళ్లను కొట్టి వాళ్ల కారులోనే వెళ్లిపోతాడు. హాంకాంగ్ రేవులో పడవల మీద బతికే పేదలను చూసి, పేదవాడలు ఎక్కడైనా ఒకటే అన్న మాట అనేదీ ఆయనే. ఒక నల్లజాతి మనిషి ఆసియా పేదవాడిని చూసి ‘వీళ్లు మావాళ్లలాగే ఉన్నారు’ అనుకోవడం తెర మీద అప్పటికి కొత్త.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. 1973 మార్చిలో ‘ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్’ అనే హాంకాంగ్ సినిమా అమెరికాలో ఆడింది. దాని వెనకే ఇంకా ఎన్నో వచ్చాయి. నగరాల నడిబొడ్డున తక్కువ టికెట్టు హాళ్లలో అవి పడ్డాయి. హీరో తెల్లవాడు కాదు. చేతిలో తుపాకీ లేదు, తన ఒళ్లే ఆయుధం. ఎదురుగా ఉన్నది దొరతనమో, ఆక్రమించుకున్నవాడో. ఈ మూడూ కలిస్తే ఆ వాడల కుర్రాళ్లకు వేరే వ్యాఖ్యానం ఎందుకు? ‘ఎంటర్ ది డ్రాగన్’ తీసిన వార్నర్ కంపెనీ కూడా జనాన్ని గమనించింది. జిమ్ కెల్లీ హీరోగా ‘బ్లాక్ బెల్ట్ జోన్స్’ (1974) తీసింది. ఆరడుగుల రెండంగుళాల టమారా డాబ్సన్‌తో ‘క్లియోపాత్రా జోన్స్’ రెండో భాగాన్ని 1975లో షా బ్రదర్స్‌తో కలిసి హాంకాంగ్‌లోనే తీసింది. ఇరవై ఏళ్లకు, 1993లో, వూ-టాంగ్ క్లాన్ అనే న్యూయార్క్ ర్యాప్ బృందం తమ మొదటి ఆల్బమ్ పేరులోనే ‘36 గదులు’ పెట్టుకుంది. 1978 నాటి ‘36త్ చాంబర్ ఆఫ్ షావోలిన్’ మీది ప్రేమ అది.

బ్రూస్ లీ సొంత పద్ధతి ఇంకా ముందుకెళ్లింది. సియాటిల్‌లో ఆయన మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్ నల్లజాతి మనిషి. చైనా విద్య చైనావాళ్లకే అన్న కట్టుబాటు బలంగా ఉన్న రోజులవి. ‘గేమ్ ఆఫ్ డెత్’ కోసం 1972లో తీసిన భాగంలో, హీరో ఒక్కో అంతస్తు గెలుస్తూ ఎక్కే బురుజులో పై అంతస్తు కాపలా తన శిష్యుడు, బాస్కెట్‌బాల్ వీరుడు కరీం అబ్దుల్-జబ్బార్‌కు ఇచ్చాడు. ఆయన ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు, ఇద్దరికీ ఒకటిన్నర అడుగుకు పైనే తేడా. బ్రూస్ లీ పసుపు సూటు గుండె మీద పడిన ఆ పెద్ద పాదముద్ర చూసే ఉంటారు. కరీం పాత్రకు వెలుతురు పడదు, నల్ల కళ్లద్దాలు అందుకే. కాగితపు కిటికీలు చిరిగి వెలుగు వచ్చిన తర్వాతే బ్రూస్ లీకి దారి దొరుకుతుంది. పై అంతస్తుకు అర్హుడెవరో చెప్పకుండానే చెప్పిన తీరు అది.

ప్రశ్న: అమెరికా టీవీలో ‘కుంగ్ ఫూ’ సీరియల్ హీరోగా బ్రూస్ లీని కాదని తెల్లాయన్ని పెట్టారంటారు, నిజమేనా?
– మహబూబాబాద్

జవాబు: 1972 నుంచి 1975 దాకా నడిచిన ఆ సీరియల్‌లో చైనా తల్లికి పుట్టిన సన్యాసి పాత్ర డేవిడ్ కారడైన్ వేశాడు. బ్రూస్ లీ పేరు ఆ సీరియల్ తీసిన వార్నర్ కంపెనీలో చర్చకు వచ్చింది. 1971లో కెనడా టీవీ ఇంటర్వ్యూలో బ్రూస్ లీ తానే చెప్పాడు: చైనా ముఖాన్ని హీరోగా పెట్టడం వ్యాపారానికి ముప్పని వాళ్లు అనుకుంటున్నారని. రెండేళ్లు తిరగకుండానే ‘ఎంటర్ ది డ్రాగన్’ ఆ భయాన్ని వసూళ్లతో పటాపంచలు చేసింది. విడుదలకు కొద్ది రోజుల ముందు, 1973 జూలై 20న ఆయన పోయాడు.

ప్రశ్న: జపాన్ వాళ్లంటే ఎప్పుడూ విలన్లేనా? మా కరాటే మాస్టారు దీని మీద చాలా బాధపడతారు.
– మంచిర్యాల

జవాబు: మీ మాస్టారి బాధలో న్యాయముంది, చైనా వాళ్ల కోపంలోనూ న్యాయముంది. 1941 డిసెంబరు 25 నుంచి 1945 ఆగస్టు దాకా హాంకాంగ్ జపాన్ సైన్యం కింద నలిగింది. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ 1972లో వచ్చేనాటికి ఆ తరం ఇంకా నడివయసులోనే ఉంది. 1910లో చనిపోయిన గురువు హువో యువాన్‌జియా శిష్యుడిగా బ్రూస్ లీ, కుక్కలకూ చైనావాళ్లకూ ప్రవేశం లేదన్న పార్కు బోర్డును గాల్లోకి ఎగిరి తన్నినప్పుడు హాలంతా లేచి నిలబడిందంటే ఆశ్చర్యం లేదు.

ఇక తెర వెనక చూడండి. హాంకాంగ్ సినిమాకు రంగుల వెడల్పు తెర మీద చిత్రీకరణ నేర్పినవాళ్లలో ముఖ్యుడు నిషిమోతో తదాషి అనే జపాన్ కెమెరామన్. ‘కమ్ డ్రింక్ విత్ మి’కీ, బ్రూస్ లీ సొంత దర్శకత్వంలో వచ్చిన ‘వే ఆఫ్ ది డ్రాగన్’కీ ఛాయాగ్రాహకుడు ఆయనే. జనం ఏమంటారోనని టైటిల్స్‌లో హో లాన్-షాన్ అని చైనా పేరు వేసేవారు. పైన చెప్పిన ‘ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్’ దర్శకుడు చుంగ్ చాంగ్-హ్వా కొరియన్, హీరో లో లియే ఇండోనేసియాలో పుట్టినవాడు. ‘డ్రంకెన్ మాస్టర్’ (1978)లో జాకీ చాన్‌ను కాళ్లతో చితక్కొట్టే హ్వాంగ్ జాంగ్-లీ కొరియన్. అచ్చమైన చైనా సినిమా అని మనం చూసిన దానిలో ఇన్ని దేశాల చెమట ఉంది. పోస్టరు మీద మాత్రం కనపడదు.

మీ మాస్టారికి ‘హీరోస్ ఆఫ్ ది ఈస్ట్’ (1978) చూపించండి. లావ్ కార్-లియుంగ్ దర్శకత్వం. చైనా కుర్రాడు, జపాన్ అమ్మాయి పెళ్లి చేసుకుంటారు. ఎవరి విద్య గొప్పదన్న దగ్గర కాపురంలో తగువు మొదలై, చివరికి జపాన్ నుంచి ఏడుగురు నిపుణులు దిగుతారు. కత్తి, ఈటె, నున్‌చాకు (గొలుసుతో కలిపిన రెండు కర్రలు), సాయ్ (మూడు కొనల ఇనుప ఆయుధం), కరాటే, జూడో, నింజా, ఒక్కో పోటీ ఒక్కో తీరు. ఇన్ని పోరాటాల్లో ఒక్క ప్రాణం పోదు. ఒకచోట ఓడిన జపాన్ కత్తివీరుడు తన కత్తిని అందిస్తాడు. దాని అర్థం తెలియక హీరో తీసుకోడు. ఎదుటివాళ్లకు అది తీరని అవమానం అవుతుంది. తగువుకు మూలం దుర్మార్గం కాదు, ఎదుటివాడి మర్యాద తెలియకపోవడం. మా దృష్టిలో ఈ కోవలో దీన్ని మించిన సినిమా లేదు.

ప్రశ్న: కుంగ్‌ఫూ నేర్పింది మన దక్షిణాది బోధిధర్ముడే కదా! మరి ఆ సినిమాల్లో మనవాళ్లెందుకు లేరు?
– పరకాల

జవాబు: అభిమానం మంచిదే, ఆధారం అంత బలంగా లేదు. షావోలిన్ మఠం సుమారు 495లో కట్టింది బాతువో అనే భారతీయ భిక్షువు కోసం. బోధిధర్ముడి గురించి పాత చైనా రాతల్లో ఒకటి దక్షిణ భారత రాజు కొడుకంటుంది, 547 నాటి మరొకటి పారశీకుడంటుంది. రెండింట్లోనూ ధ్యానమే గానీ పోరు విద్య ఊసు లేదు. ఆయన వ్యాయామాలు నేర్పాడన్న కథ పదిహేడో శతాబ్దపు ‘యిజిన్ జింగ్’ అనే పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. మనవాళ్ల చోటు వెతుక్కోవాలంటే పేరిణి, కర్రసాము, తాలీం కుస్తీ ఉన్నాయి. వాటి మీద మంచి పోరాట సినిమా ఎందుకు రాలేదన్నది ఇంకా పదునైన ప్రశ్న.

ప్రశ్న: నాకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ‘వన్-ఆర్మ్‌డ్ స్వార్డ్స్‌మన్’ అంటే ప్రాణం. అది మాలాంటి వాళ్ల సినిమాయేనా, లేక మమ్మల్ని అడ్డం పెట్టుకున్న సినిమానా?
– కరీంనగర్

జవాబు: రెండూ కొంత కొంత. ఒంటిచేతి కత్తివీరుడి కథతో 1967లో వచ్చిన ఆ సినిమా పది లక్షల హాంకాంగ్ డాలర్ల వసూలు దాటిన మొదటి స్థానిక చిత్రం. జిమ్మీ వాంగ్ యూకు రెండు చేతులూ ఉన్నాయి, కుడిచేతిని బట్టల లోపల దాచి తీశారు. ఆ లెక్కన అది మీ ఒళ్లు కాదు, అరువు తెచ్చుకున్న ఒళ్లు. కానీ కథ అల్లిక గమనించండి. అతనికి దొరికిన విద్యా గ్రంథం సగం కాలిపోయింది, మిగిలింది ఎడమచేతి పాఠాలే. దొరికిన కత్తి విరిగి పొట్టిగా ఉంది. శత్రువుల దగ్గర పొడుగు కత్తిని పట్టి బిగించే పరికరం ఉంది, దానితో రెండు చేతులున్న మహావీరులంతా చస్తారు. ఈ పొట్టి కత్తి మాత్రం ఆ పట్టులో ఇరుక్కోదు. దేవుడి దయో, మందో వచ్చి అతన్ని బాగు చేయదు. ఉన్న ఒంటికి సరిపడే పద్ధతి తయారైంది, ఆ పద్ధతే గెలిచింది. ‘మాలాంటి వాళ్ల సినిమా’ అని మీరు నమ్మకంగా అనదగ్గ భాగం ఇదే.

జపాన్‌లో శింతారో కత్సు 1962 నుంచి 26 సినిమాల్లో వేసిన అంధ వీరుడు జాతోయిచి కూడా చూపున్న నటుడి వేషమే. అయితే ఆ పాత్ర వృత్తి మర్దన, పాతకాలపు జపాన్‌లో అంధులు నిజంగా చేసిన పని అది. చేతికర్రలోని కత్తిని తిరగేసి పట్టడం, తల వంచి చెవి పెట్టడం లాంటి వివరాలు గాలిలోంచి పుట్టలేదు. 1971లో ఈ ఇద్దరు వీరులనూ ఒకే సినిమాలో కలిపారు. ఒకరి భాష ఒకరికి తెలియదు, ఆ ఒక్క కారణంగా మంచివాళ్లిద్దరూ కత్తులు దూసుకుంటారు.

నిజంగా ఆ శరీరాలున్నవాళ్లే నటించింది కావాలంటే తైవాన్‌లో 1979లో వచ్చిన ‘ది క్రిపుల్డ్ మాస్టర్స్’ ఉంది. పేరు మొరటు. చేతులు లేని ఒకరు, కాళ్లు చచ్చుబడిన ఒకరు ముఖ్యపాత్రలు. మొదటి అరగంట వాళ్లను చూసి జాలిపడమంటుంది, అక్కడ మనసు కష్టపడుతుంది. ఒకరి భుజాల మీద ఒకరెక్కి ఒక్క ఒళ్లుగా పోరాడే దగ్గర మాత్రం కెమెరాకు దాచవలసినది ఏదీ లేదు.

ప్రశ్న: నా దగ్గర పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు ఇరవై మంది కరాటే నేర్చుకుంటున్నారు. బడి హాల్లో ఆదివారం ఈ సినిమాలు చూపిస్తూ, ఎవరికెంత చోటిచ్చారో వాళ్లే తేల్చేలా చేయాలని ఉంది. ఎలా?
– కరాటే శిక్షకురాలు, జగిత్యాల

జవాబు: మేడమ్, ముందుగా రెండు జాగ్రత్తలు. బడిలో విద్యార్థులు, తల్లిదండ్రులు, సిబ్బంది మాత్రమే ఉన్న ప్రదర్శనకు 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. ఊరి జనాన్ని పిలిస్తే, టికెట్టు పెడితే ఆ నీడ పోతుంది, హక్కుదారుల అనుమతి కావాలి. రెండోది, సర్టిఫికెట్ చూడండి. ‘ఎ’ ఉన్నది ఈ పిల్లలకు పనికిరాదు. ‘యు/ఎ’ ఉన్నా మీరొకసారి మొత్తం చూశాకే చూపించండి. పాత సినిమాల్లో నెత్తురు అనుకోని చోట చిమ్ముతుంది.

సినిమా మొత్తం వేయకండి, మూడు పోరాటాలు చాలు. ఒక్కొక్కటి మూడు నుంచి ఐదు నిమిషాలు. ‘కమ్ డ్రింక్ విత్ మి’ సత్రం, ‘మై యంగ్ ఆంటీ’లో ఏదో ఒక పోరు, ‘ఎంటర్ ది డ్రాగన్’లో హీరో చెల్లెలిగా ఏంజెలా మావో సందుల్లో పరుగెత్తుతూ కొట్టే భాగం. ఈ మూడోది ఆమె ప్రాణం తీసుకోవడంతో ముగుస్తుంది కాబట్టి, తరుముకొచ్చినవాళ్లు చుట్టుముట్టేలోపే ఆపేయండి. ఆమె ఏమైందో నోటితో చెప్పండి. అంత బాగా కొట్టిన మనిషి కథలో ఎందుకుందో పెద్ద పిల్లలు తామే పట్టుకుంటారు: అన్న పగకు కారణం కావడానికి.

పిల్లలను ఐదుగురేసి నాలుగు జట్లు చేయండి. తేల్చాల్సిన ప్రశ్నలు నాలుగు. దెబ్బ కొట్టినప్పుడు ఆమె తల నుంచి పాదం దాకా కనిపించిందా? ఒక్క షాట్‌లో కట్ లేకుండా ఎన్ని కదలికలు చేసింది? ఆమెకు నేర్పిన గురువు ఎవరో కథ చెప్పిందా? పోరు ముగించిన చివరి దెబ్బ ఎవరిది? ఒకే జట్టు నాలుగూ లెక్కపెట్టడం కష్టం, జట్టుకొకటి పంచండి. ప్రతి ముక్కా రెండుసార్లు వేయండి, రెండోసారి శబ్దం లేకుండా. సంగీతం, ఢాం ఢాం చప్పుళ్లు పోగానే ఎవరు నిజంగా కదిలారో, ఎవరిని కటింగ్ కాపాడిందో బయటపడుతుంది.

పాదాల లెక్క ఎందుకంటే, పాదం కనపడితే నిలకడ కనపడుతుంది, మోసం చేయడం కష్టం. అప్పట్లో కష్టమైన విన్యాసాలకు నటి బదులు విగ్గు పెట్టుకున్న మగ స్టంట్‌మన్‌ను దించేవారు. అక్కడ వీపు కనపడుతుంది, ముఖం కనపడదు. నడుము పైకి మాత్రమే తీస్తే కింద కాళ్లు ఏం చేశాయో ఎవరికీ తెలియదు. మీ పిల్లలకు నిలబడే తీరు తెలుసు కాబట్టి సినిమా విమర్శకుల కంటే బాగా పట్టుకుంటారు.

ఇక చెడేది ఎక్కడంటే కాపీ దగ్గర. షా బ్రదర్స్ సినిమాలు 2.35:1 వెడల్పు తెరకు (ఎత్తుకు 2.35 రెట్ల వెడల్పు) తీసినవి. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన కాపీలు 4:3 నిష్పత్తిలో, దాదాపు చతురస్రంగా ఉంటాయి, పక్కలు కోసేస్తే బొమ్మలో వందకు 43 వంతులు పోతాయి. కొట్టినామె ఉంటుంది, దెబ్బ తిన్నవాడుండడు. అలాంటి కాపీతో మీ లెక్క మొత్తం తప్పవుతుంది. తెర మీద పైన, కింద నల్లపట్టీలుంటే సంతోషించండి.

రెండోది సబ్‌టైటిల్స్. మొదటి నుంచీ ఒకే దూరంలో వెనకబడితే కంప్యూటర్‌లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ ప్లేయర్‌లో ‘జి’, ‘హెచ్’ మీటలతో సరిచేయవచ్చు, ఒక్క నొక్కు 50 మిల్లీ సెకన్లు. మొదట్లో సరిగా ఉండి పోనుపోను దూరం పెరుగుతుంటే ఆ మీటలు పనిచేయవు. సెకనుకు 24 ఫ్రేములకు రాసిన సబ్‌టైటిల్‌ను 25 ఫ్రేముల కాపీకి పెట్టారన్నమాట. వంద నిమిషాల సినిమా అక్కడ 96 నిమిషాలే, ఆఖరికి నాలుగు నిమిషాల తేడా వస్తుంది. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో అన్ని టైములనూ 0.96తో గుణిస్తే కుదురుతుంది. ఇది శనివారం సాయంత్రమే చూసుకోండి.

ప్రశ్న: ఆ సినిమాల్లో పెదాలు, మాటలు ఎందుకు కలవవు? ఇంగ్లిష్ డబ్బింగ్ వల్లనా?
– జనగామ

జవాబు: చైనా భాషలో చూసినా కలవవు. అప్పట్లో సెట్లో మాటలు రికార్డు చేసేవాళ్లు కాదు, అంతా తర్వాత డబ్బింగే. నటులు ఒకరు కాంటనీస్, ఒకరు మాండరిన్, ఒకరు కొరియన్ మాట్లాడినా నడిచిపోయేది. ఈ పద్ధతి మంచీ చేసింది, చెడూ చేసింది. పరాయి దేశపు నటులకు తలుపు తెరిచింది, హాంకాంగ్ జనం సొంత భాష కాంటనీస్‌ను మాత్రం వెనక్కి నెట్టింది. డెబ్బైల మొదట్లో పెద్ద సినిమాలన్నీ మాండరిన్‌లోనే వచ్చేవి. కాంటనీస్ మాట్లాడే బ్రూస్ లీకి తెర మీద మాండరిన్ గొంతు మరొకరిది. 1973లో ‘ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ కాంటనీస్‌లో వచ్చి విరగబడి ఆడాకే ఆ భాషకు మళ్లీ రోజులొచ్చాయి. మన యాస హీరో నోట పలకడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలిసిన తెలంగాణ ప్రేక్షకులకు ఇందులోని బాధ అర్థమవుతుంది. ‘ఎంటర్ ది డ్రాగన్’లో విలన్ హాన్‌గా వేసిన షీ కీన్ గొంతు కూడా ఆయనది కాదు, కీ లూక్ అనే చైనీస్ అమెరికన్ నటుడిది.

ప్రశ్న: అన్నా, మేం ఐదుగురం దోస్తులం, ఫోన్‌తోనే షార్ట్ ఫిల్మ్ తీస్తున్నం. హీరో మా చెల్లె, కర్రసాము బాగ చేస్తది. కని కెమెరాల చూస్తే దెబ్బల బలమే కనపడ్తలేదు. ఏం జెయ్యాలె?
– గోదావరిఖని

జవాబు: తమ్ముడూ, చెల్లె దెబ్బలో బలముంది, మీరు తీసే తీరులోనే పోతోంది. చాలామంది ఆడపిల్ల పోరాటం అనగానే దగ్గరికెళ్లి ముఖం తీస్తారు, దెబ్బకొక కట్ వేస్తారు. ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టి, మామూలు లెన్సుతోనే (వెడల్పు లెన్సు వద్దు, అంచుల దగ్గర కర్ర వంగినట్టు కనపడుతుంది) ఆమె పాదాలు, కర్ర పై కొన రెండూ ఫ్రేములో పట్టేంత వెనక్కి జరగండి. ఒక షాట్‌కు ఐదు నుంచి ఏడు కదలికలు పెట్టుకుని, సగం వేగంతో పదిసార్లు, ముప్పావు వేగంతో ఐదుసార్లు చేశాకే తీయండి.

దెబ్బ తగిలినట్టు కనపడాలంటే కెమెరా, దెబ్బ తినేవాడు, కొట్టే ఆమె ఇంచుమించు ఒకే గీత మీద ఉండాలి. పిడిగుద్దు అయితే ముఖానికి జానెడు దూరంలోంచి పోవాలి. కర్ర అయితే రెండు జానల దూరం, తలవైపు అసలే వద్దు. పక్క నుంచి తీస్తే ఆ ఖాళీ తెలిసిపోతుంది. తినేవాడు ఆలస్యంగా కదిలితే ఎంత గట్టి దెబ్బైనా తేలిపోతుంది. హాంకాంగ్ వాళ్ల రహస్యంలో సగం ఈ తినేవాళ్లే. మీ ఐదుగురిలో బాగా పడగలిగిన వాడికే ఎక్కువ దెబ్బలివ్వండి.

హాంకాంగ్ వాళ్లు కెమెరాను సెకనుకు 22 ఫ్రేములకు తగ్గించి తీసి 24కు ఆడించేవాళ్లు, కదలిక కొద్దిగా చురుకయ్యేది. మీరు 24లో తీసి ఎడిటింగ్‌లో ఆ ముక్క వేగం 109 శాతం పెట్టండి. 115 దాటితే కోతిగంతులా ఉంటుంది, జుట్టు, చున్నీ ముందుగా పట్టిస్తాయి. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/100 సెకను ఉంచండి. 1/50 అయితే కర్ర మసకబారుతుంది, ట్యూబ్‌లైట్ల కింద ఈ రెండూ కాక వేరేది పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు బొమ్మ మిణుకుమంటుంది. తినేవాడి చొక్కా మీద చిటికెడు పౌడరు చల్లితే తగిలిన చోట పొగలా లేస్తుంది. వెలుతురు వెనక వైపు నుంచి పడాలి, లేకపోతే కనపడదు. ప్రతి టేకు తర్వాత నేల తుడవండి, గ్రానైటు మీద పౌడరు పడితే కాలు జారడం ఖాయం. కబడ్డీ మ్యాట్లు దొరికితే కింద వేసి, వాటి అంచు ఫ్రేములో పడకుండా కొలుచుకోండి.

ఆఖరి దెబ్బ చెల్లెదే ఉంచండి. ఆ షాట్‌కు విగ్గు పెట్టిన దోస్తును నిలబెట్టకండి, అవసరమైతే ఆమె చేయగలిగిన కదలికకే పోరాటాన్ని తగ్గించండి.